కొండ కింది శంఖం

భోం... అని కొండ కింద శంఖం మోగింది.

షిగే పొయ్యిలో నీళ్ళు కుమ్మరించింది. పసిదాన్ని వీపుకి కట్టుకుని, భర్త కుమాయిచితో కాఫీ చెట్ల వెనక లోయలోకి దిగిపోయింది.

కాసేపటికి గుర్రాల మీద మనుషులొచ్చారు. గుడిసె కెలికి, గంజి కుండ తన్ని పోయారు.

"మళ్ళీ ఆ శంఖంవాడే! ఊది మరీ వాళ్ళని పిలుస్తున్నాడు. వాడి నోరు పడిపోను!"

"మెల్లగా తిట్టవే, వినబడుతుంది."

హవాయి దీవుల్లో చెరుకు తోటకి మూడేళ్ళ బాండు రాసి, కొరడా దెబ్బలకి ఓర్వలేక కోనా కొండల్లోకి పారిపోయి వచ్చిన జపాను కూలీ కుమాయిచి. దొరికితే జైలు. ఆ పైన మళ్ళీ అదే తోట.

సాయంత్రం పై గుడిసె యసో బాబాయి పేపరు కబుర్లు మోసుకొచ్చాడు. అతనూ పారిపోయి వచ్చినవాడే.

"అమెరికావాళ్ళు దీవుల్ని కలిపేసుకున్నారు గానీ, ఏ చట్టం పెట్టాలో ఇంకా కొట్టుకు చస్తున్నారే అమ్మాయ్. వాళ్ళ చట్టం వస్తే బాండు చెల్లదట."

"మరింకేం, రానీ!"

"అమెరికా కూలీలు గోల పెడుతున్నారు, మనమంతా అక్కడికి పోయి వాళ్ళ కూడు లాక్కుంటామని."

"నా గంజికే దిక్కు లేదు బాబాయ్, వాళ్ళ కూడు నేనెక్కడ లాక్కుంటాను!"

ముగ్గురూ నవ్వుకున్నారు.

శంఖం మోగుతూనే ఉంది. వీళ్ళు పరిగెడుతూనే ఉన్నారు. ఊదేవాడి మొహం మాత్రం ఎన్నడూ చూడలేదు. పరిగెత్తేవాళ్ళకి వెనక్కి చూసే తీరికెక్కడిది?

చలికాలంలో శంఖం ఆగిపోయింది.

"పీడా పోయింది" అంది షిగే.

ఆ వారమే గుర్రాలు చప్పుడు లేకుండా వచ్చాయి. యసో బాబాయిని కట్టి తీసుకుపోయారు. ఆరోజు కుమాయిచి అడవిలో కట్టెలు కొడుతూ ఉండబట్టి బతికిపోయాడు.

వేసవికి చట్టం వచ్చింది. బాండ్లన్నీ రద్దు. యసో బాబాయి జైలు నుంచి నవ్వుతూ వచ్చాడు.

షిగే మాత్రం ఆ శంఖంవాణ్ణి నాలుగు కడిగేద్దామని నడుం బిగించి సముద్రం ఒడ్డుకి దిగింది. వాకబు చేసి, గుమ్మంలో పిలవనైనా పిలవకుండా ఆ ఇంట్లోకి దూసుకెళ్ళింది.

ఒక హవాయి ముసలమ్మ చాప అల్లుతోంది.

"శంఖం ఊదేవాడేడీ?"

"మా ఆయన చలికాలంలో పోయాడు తల్లీ. ముందు కూర్చో, చేప ముక్క తిను."

షిగే చాప అంచున కూర్చుంది.

"కొండ మీద గుడిసె మీదేనా? మీ పొగ మా వాకిట్లోకి కనబడేది. 'పాపం, గంజి కాచుకుంటున్నారే' అనేవాడు. ఎందుకయ్యా ఊదుతావని తోట దొర గదమాయిస్తే, 'ఒకరి గడప దగ్గరికి చెప్పకుండా వెళ్ళం దొరా. మా నేల ఎలాగూ పోయింది, ఆచారమైనా ఉండనీండి' అనేవాడట."

షిగే లేచి బయటికి నడిచింది. వాకిలి అవతల నిలబడి, కళ్ళు తుడుచుకుని, గొంతెత్తి పిలిచింది.

"అమ్మా, లోపలికి రావచ్చా?"

"రా తల్లీ, రా!" ముసలమ్మ నవ్వింది.

షిగే వచ్చి, మూలనున్న శంఖం ముందు నేలకి నుదురు ఆనించి దణ్ణం పెట్టింది. తలెత్తితే, గోడకి ఇత్తడి గుండీల కోటు వేలాడుతోంది.

"అదెవరిదమ్మా?"

"ఆయనదే. పారిపోయిన కూలీల్ని పట్టి తెమ్మని సర్కారు పెట్టిన పోలీసు ఆయనేగా!"