పురుగు ముట్టని నేల

చనిపోయిన మూడేళ్ళకు ఎముకలు తీసి, సారాతో కడిగి, జాడీలో పెట్టి మళ్ళీ పూడ్చడం ఎర్రనది ఒడ్డు పల్లెల ఆచారం. వాటిమీద ఎండ పొడ పడకూడదు. అందుకే భర్త ఖియెమ్ సమాధి దగ్గరకు థోవా తెల్లవారకముందే వచ్చింది.

పక్కనే సీసం కరిగించే కొలిమి బుసకొడుతోంది. చుట్టూ వరిచేను. ఒక్క కప్పా అరవడం లేదు.

గోతులు తవ్వే లామ్ మట్టి తోడి, శవపెట్టె మూత ఎత్తి, గబుక్కున వెనక్కి జరిగాడు. ఖియెమ్ నిన్న రాత్రి నిద్రపోయినట్టే ఉన్నాడు.

"మూసేద్దాం తల్లీ. కుళ్ళని శవం ఇంటికి అదృష్టమంటారు."

"అదృష్టమా? మూడేళ్ళలో ఒక్క పురుగైనా ముట్టలేదేం బాబాయ్?"

లామ్ గొంతు తగ్గించాడు. "ఈ మట్టిలో పురుగన్నది చూసి ఎన్నేళ్ళయిందో!"

థోవా అతని చేతిలోంచి మూత లాగి అవతలికి విసిరేసింది.

"ఎండ పడితే పడనీ! తాగి చచ్చాడన్నాడుగా ఆ కొలిమి షావుకారు, వచ్చి చూడనీ. అంత అదృష్టమైతే తన ఇంటికే మోసుకుపోనీ!"

తూర్పు తెల్లబడింది. ఒక్క పిట్టా కూయలేదు. చేనుకు అవతల, థోవా ఇంటి కప్పు మీద సన్నగా పొగ లేచింది. కూతురు తమ్ముళ్ళకు అన్నం వండుతోంది, ఈ చేని బియ్యంతోనే.