టైము రాసుకునే మనిషి

"నిద్రమొగమా! పనికి వచ్చినావా, పండుకునేదానికి వచ్చినావా?"

మేస్త్రి బొమ్మయ్య అరుపుకి అరవదేశపు రాజపాళయం మిల్లులో నూలు చుట్టే ఆడవాళ్లంతా తలలెత్తారు.

భాగ్యం మాత్రం ఎత్తలేకపోయింది. రెప్పలు వాలిపోయాయి. వేళ్లలోంచి నూలు జారిపోయింది.

పొద్దున ఏడింటికి అందరికంటే చురుగ్గా చుట్టేది ఆమే. మధ్యాహ్నానికి చెయ్యి లేవదు, అన్నం నమలలేదు, మాట ముక్కులోంచి వస్తుంది. పొద్దున ఉన్న బలం మధ్యాహ్నానికి ఎక్కడికి పోతోందని ఒక్కరైనా అడగొద్దూ? అడగలేదు. సోంబేరి అన్నారు.

మిల్లు డాక్టరు మొహమైనా చూడకుండా టానిక్కు రాసిచ్చాడు. అత్తగారు దయ్యం పట్టిందని తళవాయిపురం నుంచి భూతవైద్యం చేసే కోడంగిని పిలిపించి వేపమండలతో కొట్టించింది. కొడితే రెప్పలు లేస్తాయా? వీపు మీద వాతలు లేచాయి.

ఇంకొక్కసారి కళ్లు మూస్తే గేటు బయటేనని మేనేజరు తేల్చి చెప్పేశాడు.

ఆ రోజు మధ్యాహ్నం సంగు, అదే మిల్లు సైరను, ఊదగానే భాగ్యం గేటు పక్కన కూర్చుని అన్నం గిన్నె తెరిచింది. ఎవరో ఒకాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. యాభై ఏళ్లుంటాయి. ఒక చేతిలో గడియారం, ఒక చేతిలో నోటుబుక్కు.

"అమ్మా, రెప్ప దించకుండా కొంచెం పైకి చూడు" అన్నాడు తెలుగులోనే.

భాగ్యం చూసింది. రెప్పలు మెల్లగా దిగిపోయాయి.

"ముప్పై ఎనిమిది సెకండ్లు" అని రాసుకున్నాడు. "సాయంత్రమైతే ఒకటి రెండుగా కనపడుతుందా?"

"ఔనండి! ఎవురితోనూ చెప్పలేదే, మీకెట్ల తెలిసింది?"

ఆయన జవాబు చెప్పేలోపే భాగ్యం అన్న పెరుమాళ్‌సామి పరుగున వచ్చాడు. అతనూ అదే మిల్లులో కూలీ, సంఘంలో ముందుండే మనిషి.

అతని కోపానికి కారణం లేకపోలేదు. ఆ ఏడాది రాజపాళయం మిల్లుల్లోకీ టైము రాసేవాళ్లు దిగారు. ఎవరు ఎంతసేపు చేస్తున్నారు, ఎంతసేపు ఆగుతున్నారని గడియారం పెట్టి రాస్తారు. వాళ్లు వచ్చి వెళ్లిన ప్రతిసారీ పదిమందికి పనిపోయి కడుపులు మాడాయి.

"ఏమప్పా, మా చెల్లెలి ముందర నిలుచుకోని ఏమి రాస్తా ఉండావు? మిల్లు మొదలాళి పంపించినాడా?"

"ఎవురూ పంపలేదయ్యా. ఇది నిద్ర కాదు, జబ్బు. మదురై తీసుకోని పోండి. పెద్దాస్పత్రిలో నరాల డాక్టరు ఉండాడు. ఒక్క సూది వేస్తే కాల్ గంటలో, పదైదు నిమిషాల్లో, రెప్పలు లేస్తాయి."

"ఓహో! జబ్బుదని రాసి పనిలోనుంచి పంపించేదానికా? మేమేమన్నా తెలివిలేని మడయులమా?"

నోటుబుక్కు ముక్కలైంది. చుట్టూ మూగిన కూలీల్లో ఎవరో తోశారు. ఆయన దుమ్ములో పడ్డాడు. అందరూ ఘొల్లున నవ్వారు.

"అన్నా, విడిచిపెట్టు" అంది భాగ్యం. ఆ గొంతు ఎవరికి వినపడుతుంది!

ఆయన లేచి పంచె దులుపుకున్నాడు.

"మదురై. సూది. మరిచిపోవద్దండి" అని మళ్లీ చెప్పి వెళ్లాడు.

మంచి మాట చెప్పినవాడికి మనం చేసే మర్యాద ఇదీ!

నెల తిరక్కుండానే మేనేజరు భాగ్యాన్ని తీసేశాడు. దానికి టైము రాసేవాడు అక్కరలేకపోయింది.

మరో మూడు నెలలకి గంజి తాగుతుంటే పొలమారింది. ఊపిరి అందలేదు. అప్పుడు గుర్తొచ్చింది పెరుమాళ్‌సామికి మదురై. కారు మాట్లాడుకుని, చెల్లెల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని తీసుకెళ్లాడు.

నరాల డాక్టరు చూడగానే సూది వేశాడు.

పన్నెండు నిమిషాలు. భాగ్యం రెప్పలు పైకి లేచాయి. గుండ్రంగా, పూర్తిగా.

"అన్నా, మీసం నరిసిపోయిందే నీకు!" అంది.

పెరుమాళ్‌సామి నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మూడేండ్లు! మూడేండ్లు దీన్ని సోంబేరి అన్నారే పాపులు!"

"మయస్తీనియా అంటారు" అన్నాడు డాక్టరు. "నరం చెప్పేది కండకు అందదు. ఒళ్లే తన మీద తాను తిరగబడుతుందని ఇప్పుడిప్పుడే అనుకుంటున్నారు. రోజూ మాత్రలు వేసుకుంటే మనిషి నిలబడుతుంది. ఊపిరి మీదికి వచ్చేదాకా ఏం చేస్తున్నారయ్యా? ఎవరూ చెప్పలేదా?"

"చెప్పినారు డాక్టరయ్యా. గడియారం పట్టుకోని ఒకాయన. టైము రాసేవాడనుకోని మేమే కింద తోసేసినాము."

డాక్టరు సూదిని పళ్లెంలో పెట్టాడు.

"మిల్లు గేట్ల దగ్గర చూసి నలుగుర్ని పంపించాడు. నలుగురూ బతికారు. మీ చెల్లెలు ఐదోది."

"ఎక్కడ ఉండాడు సామీ? ఆయన కాళ్ల మీద పడాల."

"పోయిన నెల గుండె ఆగి పోయాడు."

పెరుమాళ్‌సామి తుండుతో మొహం తుడుచుకున్నాడు. "ఆయనా డాక్టరేనా?"

"కాదు. మీరు అనుకున్నది నిజమే, ఒకప్పుడు మదురై మిల్లులో టైము రాసే ఉద్యోగమే చేసేవాడు. ఎనిమిదేళ్ల కింద 'సోమరి' అని రాసి ఒక అమ్మాయిని పనిలోంచి తీయించాడు. జబ్బు పేరు మాకు తెలిసేలోపే ఆ పిల్ల ఈ వార్డులోనే పోయింది" అని డాక్టరు కిటికీ వైపు తిరిగాడు. "ఆ పిల్ల ఆయన సొంత చెల్లెలు."