యానాంలో అద్దె ఇల్లు

"అద్దెకున్నావిణ్ణి ఖాళీ చేయించి ఇస్తానన్నా వద్దంటారేంటండీ?" అన్నాడు వీరబాబు.

వీరబాబు కాకినాడ బ్రోకరు. యానాంలో గోదావరి గట్టు పక్క సందులో రెండు గదుల పాత ఇల్లు అమ్మకానికి ఉందంటే పాలకొల్లు నుంచి లావణ్య, ఆమె భర్త విజయ్ పాల్ వచ్చారు. ఆటోను సందు మొదట్లోనే ఆపించింది లావణ్య. ఇల్లు అక్కణ్ణుంచే కనిపిస్తోంది. అయినా ఆమె దిగలేదు. అద్దెకున్నావిడ లోపల ఉండగా వెళ్ళి గోడలు తట్టి చూడటం బాగుండదంది. మీరే వెళ్ళి ఫోన్‌లో ఫోటోలు తీసుకురండని చెప్పింది. లోపలికి అడుగు పెట్టకుండా ఇల్లు కొనేవాళ్ళను వీరబాబు అంతవరకు చూడలేదు. చిత్రంగా చూసి, వెళ్ళి తీసుకొచ్చాడు.

వంటగది గోడంతా చెమ్మ. రేకులకు చిల్లు పడినచోట కింద బకెట్ పెట్టి ఉంది. లావణ్య ఒక్కో ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసింది. వరదొస్తే నీళ్ళు ఎంతవరకు వస్తాయని అడిగింది. ఆ తరవాత అసలు భయం బయటపెట్టింది.

"ఓనరు మారితే ఆవిడ ఉంటుందంటారా?"

"అదే చెప్పలేనండి. వీరదుర్గ అని, మార్కెట్లో చేపలమ్ముద్ది. అద్దె ఆలస్యం చెయ్యదు. కానీ ఒకళ్ళు జాలిపడితే ఒప్పుకోదండి. ఏదన్నా తేడాగా అనిపించిందంటే సామాను సర్దుకుని వెళ్ళిపోయే రకం. ఈ ఇల్లే అడుగుతున్న కాకినాడ పార్టీ అయితే ముందు ఆవిణ్ణి ఖాళీ చేయించమంటున్నారు. పడగొట్టి లాడ్జి కడతారంట."

లావణ్య భర్త వైపు చూసింది. విజయ్ పాల్ తలూపాడు. అడ్వాన్సు అక్కడే ఇచ్చేశారు.

అప్పటినుంచి ఆమెకు అన్నం సహించలేదు. ఇల్లు కొనడం అదే మొదలు, అదీ అద్దెకివ్వడానికి, అదీ వేరే రాష్ట్రంలో. ఎదుర్లంక వంతెన దాటితే వచ్చే ఊరే అయినా, యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది. ఏదైనా తగాదా వస్తే అంతదూరం ఎవరు తిరుగుతారని స్కూల్లో తోటి టీచర్లు భయపెట్టారు. ఫ్రెంచివాళ్ళ కాలంనాటి పాత దస్తావేజు ఒకటి ఫ్రెంచిలోనే ఉంది. ఫరవాలేదని లాయరు చెప్పాడు గానీ, ఆయనకు మాత్రం ఫ్రెంచి వచ్చా అన్న అనుమానం ఆమెను వదల్లేదు. పోనీ పెద్దవాళ్ళను అడుగుదామా అంటే, విజయ్ పాల్ వాళ్ళింట్లో ఎవరూ ఎప్పుడూ స్థలం కొన్నవాళ్ళు కారు. ఆమె వైపు వాళ్ళతో చర్చిలో పెళ్ళయిన రోజే రాకపోకలు తెగిపోయాయి.

"నీకు అంత భయంగా ఉంటే ఇప్పుడైనా మానేద్దాం," అన్నాడు విజయ్ పాల్.

"మానేస్తే లాడ్జి కడతారు," అంది లావణ్య.

రిజిస్ట్రేషన్ రోజున సర్వర్ పనిచెయ్యలేదు. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నారు. గుమ్మంలోకి ఎవరొచ్చినా కాకినాడ పార్టీవాళ్ళేమోనని ఆమె ఉలిక్కిపడింది. చివరికి పిలిచినప్పుడు చేతి చెమటకి వేలిముద్ర సరిగ్గా పడలేదు. తుడుచుకుని మళ్ళీ వేసింది.

బయటికొచ్చాక వీరబాబుకు ఒక షరతు పెట్టింది. అద్దె అతనే వసూలు చెయ్యాలి. తమ పేరు, ఊరు చెప్పకూడదు. రాజమండ్రి ఆవిడెవరో కొన్నదని చెబితే చాలు. నంబరు తెలిస్తే ప్రతి చిన్న రిపేరుకీ స్కూల్లో ఉండగా ఫోన్ చేస్తారంది. అది నిజమేనని వీరబాబు ఒప్పుకున్నాడు.

వానలకు ముందే రేకులు మార్పించింది. వంటగది గోడకు ప్లాస్టరింగ్ చేయించింది. ఆ పని పూర్తయిన మర్నాడే వీరబాబు ఫోన్ చేశాడు.

"కొంప మునిగిందండి. ఆవిడ సామాను మూటలు కట్టేసింది. అడక్కుండా ఇన్ని చేయించారంటే ఏదో ఉందంటుంది. అయితే వెళ్ళగొట్టడానికి, లేదంటే తన మీద జాలిపడి. ఎవరి ధర్మం మీదా బతకనంటుంది. ఓనరు వచ్చి మాట్లాడితే గానీ మూటలు విప్పదంట. ఓసారి వచ్చి కనబడండి మేడం."

లావణ్య ఫోన్ పట్టుకుని స్టాఫ్‌రూములోంచి వరండాలోకి వచ్చింది. వెళ్ళడం కుదరదు. వెళ్ళకపోతే ఇల్లు ఖాళీ అవుతుంది.

"అద్దె పెంచామని చెప్పండి," అంది చివరికి. "రేకుల ఖర్చు రాబట్టుకోవాలి కదా, ఓనరు చాలా గట్టి మనిషి అని చెప్పండి."

"ఉన్న అద్దెకే వెళ్ళిపోతానంటుంటే పెంచమంటారేంటండీ?"

"పెంచండి వీరబాబుగారూ."

సాయంత్రం దాకా ఫోన్ రాలేదు. ఆమె ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. విజయ్ పాల్ టీ తెచ్చిస్తే చల్లారిపోయింది. మోగగానే తీసింది.

"ఉంటుందంటండి," అన్నాడు వీరబాబు. అతని గొంతులో ఆశ్చర్యం ఇంకా పోలేదు. "పెంచారనేసరికి కొంగు దోపుకుని తగువుకొచ్చేసింది. బేరమాడి పెంచినదాంట్లో సగం తగ్గించుకుంది. అప్పుడు మూటలు విప్పింది. ఏమనుకోకండి, మిమ్మల్ని మాత్రం బాగా తిట్టిందండి."

"ఏమని?"

"ఇలాంటి పిసినారిదాన్ని ఏ తల్లి కన్నదో గానీ, అని."

లావణ్యకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చీర చెంగులో ముఖం దాచుకుంది. విజయ్ పాల్ పక్కన కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

ఆమెను కన్నది వీరదుర్గే.