దాటిపోయిన గుండు

“పందిని దాటిపోయిన గుండు నాదేనండి. ఎన్నిసార్లు చెప్పమంటారు?” అన్నాడు పల్లంరాజు. గొంతు పెంచకూడదు అనుకుంటూనే పెంచాడు.

సర్పంచి వెంకటదుర్గ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పక్కనున్న ఉదయభాస్కర్ మాత్రం నవ్వాడు. పొద్దుటి నుంచీ ఆ నవ్వే పల్లంరాజుకి ఒళ్ళు మండిస్తోంది.

తెల్లవారుతుండగా అచ్చిబాబు చెరకు తోటలో దూరిన అడవిపందిని ఇద్దరూ ఒకేసారి కాల్చారు. అది అక్కడికక్కడే పడింది. వెళ్ళి చూస్తే, ఇటువైపు జబ్బ మీద పక్కపక్కనే రెండు కన్నాలు. అటువైపు ఒక్కటే. ఒకరి గుండు లోపల ఉండిపోయింది, ఒకరిది దాటిపోయింది. ఎవరిది ఏదో కోసి చూద్దామంటే ఫారెస్టు వాళ్ళు ఒప్పుకోలేదు. రూలు ప్రకారం దగ్గరుండి గొయ్యి తవ్వించి, పందిని పూడ్పించి మరీ వెళ్ళారు.

దాటిన గుండుదే వేట. తుని కొండల కింద ఊళ్ళలో అదే లెక్క. ఈ ఏడు పంటల కాపలాకి పంచాయతీ నుంచి ఒక్క షూటరు పేరే ఫారెస్టు వాళ్ళకి వెళ్తుంది, ఈ వేట ఎవరిదైతే వాళ్ళది. ఆ పేరు తనది కాకపోతే లైసెన్సు రెన్యువల్ అవదని పల్లంరాజుకి స్టేషన్లో ముందే చెప్పేశారు. తండ్రి చేతి మీదుగా వచ్చిన రైఫిల్‌ని తీసుకెళ్ళి వాళ్ళకి అప్పగించి రావాలి. ఉదయభాస్కర్‌కి ఆ బెంగ లేదు. రైసుమిల్లుంది, పలుకుబడుంది. ఆయనకి కావలసింది పేరు.

ఇద్దరివీ పాతకాలపు రైఫిళ్ళే. ట్రిగ్గర్ కింద ఉన్న లీవరు లాగితే తూటా ఎక్కుతుంది. ఇద్దరివీ చిటికెనవేలంత లావు గుండ్లే. తేడా అంతా గుండు ముక్కులోనే ఉంది. పల్లంరాజుది మెత్తని సీసం ముక్కు, తగలగానే విచ్చుకుంటుంది. ఉదయభాస్కర్‌ది గట్టి గుండు, ముక్కు చదును, విచ్చుకోదు. బరువులో తనదే ఎక్కువని, అంత బరువు మధ్యలో ఆగదని పల్లంరాజు వాదన. మాటలెందుకు, కాల్చి చూద్దామన్నాడు ఉదయభాస్కర్.

పల్లంరాజు తోటలోనే గెలలు కొట్టేసిన అరటి బోదెల్ని నరికించి, మట్టిగట్టుకి ముందు ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబెట్టారు. ముందు ఉదయభాస్కర్ కాల్చాడు. గుండు బోదెలన్నీ దాటి గట్టులో దిగబడింది.

తర్వాత పల్లంరాజు కాల్చాడు. మొదటి బోదె చీలిపోయింది, రెండోది పగిలింది. గట్టు మీద మట్టి రాలలేదు. కత్తి తీసుకుని తనే ఒక్కొక్క బోదె చీల్చుకుంటూ పోయాడు. మధ్య బోదెలో దొరికింది, చామంతి పువ్వులా విచ్చుకుని. వేడి ఇంకా తగ్గలేదు. చొక్కాకి తుడిచి చూశాడు. ఇంకోసారి కాలుస్తానన్నాడు. కాల్చాడు. ఈసారి అంతదూరం కూడా పోలేదు.

“మీ గుండు పెళ్ళికొచ్చిన చుట్టంలాంటిదండి రాజు గారూ,” అన్నాడు ఉదయభాస్కర్. “లోపలికెళ్తే మళ్ళీ బయటికి రాదు.”

పల్లంరాజు ఆయన వైపు చూడకుండా వెంకటదుర్గకి చెప్పుకున్నాడు. అరటి బోదె అంటే నిలువెల్లా నీళ్ళేనని, నీళ్ళలో మెత్తటి గుండు తొందరగా విచ్చుకుంటుందని, పంది ఊపిరితిత్తుల్లో ఉండేది గాలేనని, అక్కడ ఏదీ అడ్డుపడదని. చెబుతున్నకొద్దీ ఆమె మొహంలో జాలి కనిపించింది. దాంతో ఇంకా కోపం వచ్చింది. నిజమే చెబుతున్నా బతిమాలుకుంటున్నట్టు వినిపిస్తోంది.

“బోదె వేరు, పంది వేరండి,” అన్నాడు చివరికి.

“అందరికీ ఒకటే బోదె కదండీ,” అన్నాడు ఉదయభాస్కర్. “నాదెలా దాటింది మరి?”

వెంకటదుర్గ నెమ్మదిగా చెప్పింది. “కళ్ళెదురుగా కనిపిస్తుంటే నన్నేం చేయమంటారండి? భాస్కర్ గారి పేరే పంపిస్తాను. మీరు కూడా సరే అంటే ఊళ్ళో మాట రాదు.”

పల్లంరాజు చేతిలోని సీసం పువ్వుని జేబులో వేసుకున్నాడు.

“సరేలెండి,” అన్నాడు. “దాటింది ఆయనదే.”

“ఆ మాట పొద్దున్నే అనుంటే ఇన్ని తూటాలు మిగిలేవి కదండీ,” అని ఉదయభాస్కర్ ఆయన భుజం తట్టాడు. పల్లంరాజు భుజం తప్పించుకున్నాడు.

వెంకటదుర్గ ఫోను మోగింది. తీసి, ‘ఎక్కడ?’ అని మాత్రం అడిగింది. తర్వాత అంతా వినడమే. ఫోను దించాక పక్కనున్న బోదెని పట్టుకుని నిలబడింది.

“అచ్చిబాబు తమ్ముడు గణేష్‌బాబు,” అంది. “త్రీఫేజు కరెంటొచ్చిందని పొద్దున్నే మోటారు వేయడానికెళ్ళాడంట. ఇంకా రాలేదేమా అని ఇప్పుడెళ్ళి చూశారంట. చెరకు తోటకి అవతల, మోటారు షెడ్డు ముందు పడున్నాడంట. ఛాతీలో గుండు.”



“బతికే ఉన్నాడా?” అన్నాడు పల్లంరాజు.

ఆమె తల అడ్డంగా ఊపింది. పంది పడిన చోటు నుంచి చూస్తే షెడ్డు తిన్నగా ఎదురుగానే ఉందట. ఎస్సై బయల్దేరాడట. పందిని దాటిన గుండు ఎవరిదని అడుగుతున్నాడట.

పల్లంరాజు వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు. ఆ పిల్లాడి పెళ్ళికి వెళ్ళి భోజనం చేసి వచ్చాడు తను.

ఉదయభాస్కర్ వచ్చి పక్కనే కూర్చున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

“రాజు గారూ, పొద్దుటి నుంచీ మీరంటున్నదే నిజమండి. బోదె వేరు, పంది వేరు. దాటిపోయింది మీ గుండే.”