పన్నెండు కట్టలు

మోహన్‌కుమార్ దారి కనుక్కుంటూ తళిలోని గులాబీల షెడ్డుకు చేరాడు. లోపల అతని తల్లి మునెమ్మ పూలకట్టల్ని అట్టపెట్టెల్లో సర్దుతోంది.

"పాయెమ్మా! ఆరేండ్ల రీసెర్చి అంతా పాయె," అంటూ ఆమె పక్కనే కూలబడ్డాడు.

అతని చేతిలో గైడు తిప్పి పంపిన లెక్కల థీసిస్ ఉంది. తొమ్మిదో పేజీలో ఎర్రసిరాతో ఒకటే ప్రశ్న: 'ఈ సంఖ్యలు ఒక్క విధంగానే కారణాంకాలుగా విడిపోతాయని ఎవరు చెప్పారు?' ఆ తర్వాతి నూటయాభై పేజీలూ ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి.

"ఒకే సంఖ్య రెండు రకాలుగా విడిపోతుందని నాకు తట్టనే లేదమ్మా. ఇంక నేను దేనికీ పనికిరాను."

మునెమ్మ పన్నెండు కట్టలు తీసుకుని, ఆరేసి కట్టలు పట్టే పెట్టెలు రెండు నింపింది. వాటినే మళ్లీ బయటికి తీసి, నాలుగేసి పట్టే పెట్టెలు మూడు నింపింది.

"ఇట్లనా అప్పా? నీ ఫీజుకని ఈడ చేరినప్పటినుంచి దినామూ చేసే పనే కదా ఇది!"

అతను తల పట్టుకున్నాడు. "ఈ ఆరేండ్లలో ఒక్కసారైనా నాకు చెప్పకూడదామ్మా?"

"ఈ ఆరేండ్లలో ఒక్కసారైనా నువ్వు ఈడికి వచ్చింటే కదప్పా."