ఆ రోజు కదలని కారు

“నడిపించడం తర్వాత సంగతి. ఇది ఆ రోజు ఎందుకు మొరాయించిందో ముందు అది తేల్చండి,” అంది ఆమె.

మెకానిక్ బానెట్ కిందనుంచి తలెత్తాడు. “ఏ రోజమ్మా?”

“ఆఖరిసారి తాళం తిప్పిన రోజు. ఇరవై ఏళ్ళయింది.”

“ఇరవై ఏళ్ళు మూలనపడున్న బండిని పట్టుకుని అప్పటి జబ్బేమిటని అడుగుతున్నారు. ఇప్పుడు దీనికి లేని జబ్బు లేదమ్మా,” అంటూ నవ్వాడతను.

“ఎందుకమ్మా ఇప్పుడవన్నీ? రేపు కొనేవాళ్ళొచ్చి పట్టుకుపోతారు. స్టార్టయితే చాలు కదా,” అంది లైటు పట్టుకుని నిలబడ్డ కూతురు.

“నువ్వూరుకో.”

అది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఒకప్పటి ఎరుపు వెలిసి ఇటుకపొడి రంగుకి తిరిగింది. పళ్ళ డాక్టరైన ఆమె భర్త పెళ్ళికి ముందు మోజుపడి కొనుక్కున్నాడు. ఇప్పుడు దాని సీట్లలో ఎలుకలు కాపురం ఉంటున్నాయి.

మెకానిక్ పొద్దుటినుంచీ దానితో కుస్తీ పడుతున్నాడు. బంకలా మారి కంపు కొడుతున్న పాత పెట్రోలు తోడి పారబోశాడు. కార్బొరేటర్ విప్పి కడిగాడు. ప్లగ్గులు ఊడదీసి లోపల నూనె పోసి, ఇంజన్ని చేత్తో మెల్లగా తిప్పి చూసి, “పట్టెయ్యలేదు, నయం,” అనుకున్నాడు. అన్నీ బిగించాక కొత్త బ్యాటరీ తగిలించి తాళం తిప్పాడు. ఇంజన్ గిరగిరా తిరిగింది గాని అందుకోలేదు.

ఆ చప్పుడు వినగానే ఆమె బానెట్ దగ్గరికొచ్చింది.

“ఇదే. ఆ రోజూ ఇలాగే అరిచింది. ఏడుసార్లు తిప్పాను.”

“అయితే ప్లగ్గులకి కరెంటు అందటం లేదు,” అంటూ అతను ఇంజన్ పక్కనున్న గుండ్రటి నల్లమూతకి రెండు క్లిప్పులు తప్పించాడు. మూత ఎత్తి, లోపలికి చూసి, అలాగే ఉండిపోయాడు.

“అమ్మా, ఇందులో ఎవరైనా చెయ్యి పెట్టారా?”

“లేదు. ఆ వారమే టార్పాలిన్ కప్పేశారు. మళ్ళీ ఇవాళే తియ్యడం.”

“ఇందులో బొటనవేలంత ముక్క ఒకటుండాలి. రోటర్ అంటారు. ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచేది అదే. అది లేదు.”

“విరిగిపోయిందా?”

“విరిగితే ముక్కలు లోపలే పడుంటాయి. ఎవరో మూత తీసి, దాన్ని పైకి లాగేసి, మళ్ళీ మూత పెట్టేశారు. తెలిసినవాళ్ళ పని. అది లేకపోతే ఏడుసార్లు కాదు, ఏడొందలసార్లు తిప్పినా బండి కదలదు.”

ఆమె వంగి ఆ ఖాళీలోకి చూసింది.

ఆ పొద్దున ఆమె ఇల్లు వదిలి వెళ్ళిపోవడానికే ఆ కారెక్కింది. కారణం ఇప్పుడు చెబితే నవ్వుతారేమో. అప్పుడు మాత్రం ఊపిరాడలేదు. ఏడోసారీ ఇంజన్ అందుకోకపోయేసరికి, వెళ్ళడం తన తలరాతలో లేదనుకుని దిగి, వంటింట్లోకి నడిచి పాలు కాచింది. ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ తెలియదనే అనుకుంది. ఇరవై ఏళ్ళ కాపురాన్ని ఆ తలరాత మీదే నిలబెట్టుకుంది.

తలరాత కాదు. ఎవరో ఆపారు.

ఈ కారు లోగుట్టు తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కడే. అతను అప్పుడే టీ కప్పుల పళ్ళెంతో షెడ్డులోకి వచ్చాడు.

“నేను వెళ్ళిపోతున్నానని ఆ రోజు మీకు ముందే తెలుసా?” అంది.

ఏ రోజని భర్త అడగలేదు. పళ్ళెం బల్ల మీద పెట్టాడు. మెకానిక్ వంక ఒకసారి చూసి, “తెలుసు,” అన్నాడు.

“తెలిసీ అడగలేదు. ఉండమని ఒక్క మాట అనలేదు. దొంగచాటుగా ఇందులో ముక్క పీకేశారు. ఇన్నేళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేశారు.”

“ముక్కేమిటి?”

మెకానిక్ వేలు పెట్టి చూపించాడు. భర్త వంగి చూశాడు.

“నేను కాదు,” అన్నాడు. “ముందురోజు సాయంత్రం దీనికి కొత్త బ్యాటరీ వేయించింది నేను. పెట్రోలు నింపించింది నేను. నువ్వు దారిలో ఎక్కడా ఇబ్బంది పడకూడదని. పొద్దున మంచం మీద పడుకుని, కారు ఎప్పుడు గేటు దాటుతుందా అని చెవులు రిక్కించుకుని ఉన్నాను. నువ్వు లోపలికొచ్చి పాలు కాచావు. నీ అంతట నువ్వే మనసు మార్చుకున్నావనుకున్నాను. మళ్ళీ దీని తాళం ముట్టుకోబుద్ధి కాక టార్పాలిన్ కప్పేశాను. ఇన్నేళ్ళూ అదే అనుకుంటూ బతికాను.”

భార్యాభర్తలిద్దరూ కొత్తవాళ్ళని చూసినట్టు ఒకరినొకరు చూసుకున్నారు. మెకానిక్ చేతిలో గుడ్డతో, తుడిచిన వేళ్ళనే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

“మరి ఎవరు?” అంది ఆమె చివరికి.

“అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు,” అంది కూతురు.

ఇద్దరూ అటు తిరిగారు.

“నాన్న బండి విప్పినప్పుడల్లా పక్కనే కూర్చుని సామాన్లు అందించేది నేనే కదా. ఏది లాగితే బండి కదలదో నాకు తెలుసు.”

“నేను వెళ్ళిపోతున్నానని నీకెవరు చెప్పారే?”

“ఎవరూ చెప్పలేదు. ముందురోజు రాత్రి డిక్కీలో నీ పెట్టె కనబడితే, మనం ఎక్కడికో వెళ్తున్నామని సంబరపడ్డాను. నా పచ్చగౌను పెట్టావో లేదోనని తెరిచి చూశానమ్మా. అందులో నా బట్టలు ఒక్కటీ లేవు.”