పన్నెండు దాటని భయం

భీమిలి తీరంలో తెప్ప ఎక్కే ప్రతి పర్యాటకుడి చేతికీ భయాన్ని కొలిచే పట్టీ కడతారు. అంకె ఎనభై దాటకపోతే అది సాహసయాత్ర కాదు, తెప్పకు అనుమతి రద్దు.

తెప్ప నడిపే బంగారమ్మకు ఇది ఆఖరి అవకాశం. తెప్పను పెద్ద కెరటం మీదికి ఎక్కించి నిలువునా దింపింది. హైదరాబాదు నుంచి వచ్చిన రామేశం ఆవలించాడు. పట్టీ మీద పన్నెండు.

"మా అపార్ట్‌మెంటు లిఫ్టు ఇంతకన్నా ఊగుతుందమ్మా."

బంగారమ్మ ఆశ వదులుకుని కబుర్లలో పడింది.

"ఇంటికాడ ఎవులున్నారు బాబూ?"

"ఎవరూ లేరు. అందరం వచ్చి మూడు రోజులైంది."

"వచ్చీముందు నీళ్ల మోటారు కట్టీసేరా?"

రామేశం గబుక్కున లేచి నిలబడ్డాడు. పట్టీ తొంభై ఏడు చూపించింది.

"ఒడ్డుకు పోనివ్వమ్మా, తొందరగా."

"ఎల్లిపోదాం బాబూ," తీరిగ్గా తెడ్డు అందుకుంది బంగారమ్మ. "మరి గేసో?"